ఎల్లమ్మ అనని మాట

ఇరవై ఆరేళ్ళుగా నేను చేస్తున్న పని ఏమిటంటే, మనుషులు అనని మాటలు అన్నట్టు రాయడం. సినిమా వాళ్ళు దీన్ని పీఆర్వో పని అంటారు. మా ఆవిడ సత్యలక్ష్మి మాత్రం శ్రీనగర్ కాలనీలో ఎవరైనా మీవారేం చేస్తారని అడిగితే, "ఏదో రాస్తుంటారండీ" అని ఊరుకుంటుంది. ఆ 'ఏదో'లో ఎంత విసుగు నింపుతుందో నాకు తెలుసు. తప్పేం లేదు. నాకూ విసుగ్గానే ఉంది.

హీరో రిత్విక్ వాళ్ళ నాన్న పోయినప్పుడు ఆ అబ్బాయి బ్యాంకాక్‌లో పాట షూటింగులో ఉన్నాడు. ఫోన్ దొరకలేదు. పేపర్ల వాళ్ళు, వెబ్‌సైట్ల వాళ్ళు నా ప్రాణం తోడేస్తుంటే, "నా మొదటి ప్రేక్షకుడు నాన్నే. ఇకనుంచి ప్రతి థియేటర్లోనూ నాకొక సీటు ఖాళీగానే కనిపిస్తుంది" అని రిత్విక్ పేరు మీద రాసి పంపించేశాను. పది రోజుల తర్వాత అతనే ఫోన్ చేశాడు. "వెంకటరామయ్యగారూ, నాన్న గురించి నేను చెప్పింది చదివి అమ్మ ఒకటే ఏడుపండీ" అన్నాడు. నేను చెప్పింది అన్నాడు! చెప్పింది నువ్వు కాదు నాయనా, నేను, అది కూడా చల్లారిన టీ తాగుతూ, అని నేను అనలేదు. "తల్లి మనసు కదా బాబూ" అన్నాను. ఇన్నేళ్ళలో ఒక్క హీరో గాని, నిర్మాత గాని 'నేనిలా అనలేదే' అన్న పాపాన పోలేదు. పైగా మర్నాటికల్లా అవి వాళ్ళ మాటలే అయిపోయేవి.

మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమతో పాటే హైదరాబాదుకొచ్చి పడ్డాను. అప్పట్లో పని మనిషి చెయ్యగలిగేంతే ఉండేది. నాలుగు పత్రికలు, నాలుగు టీలు, మర్నాడు పొద్దున పేపర్లో మన వార్త. ఇప్పుడీ రెండువేల ఏడో సంవత్సరంలో సినిమా వెబ్‌సైట్లే పాతిక ఉన్నాయి. వాటి యజమానులు డల్లాసులో ఒకడు, న్యూజెర్సీలో ఒకడు. మనం నిద్రపోయేవేళకి వాళ్ళు లేస్తారు. పదింటికి పంపిన వార్త పదకొండుకి పాచిపోతుంది. కింద అభిప్రాయాలు రాసేవాళ్ళంతా మాదాపూర్ సాఫ్ట్‌వేర్ పిల్లలు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా మా హీరోల్ని తిడుతూనే ఉంటారు. మరి కంపెనీ పని ఎప్పుడు చేస్తారో ఆ భగవంతుడికే ఎరుక.

ఈ చాకిరీ మధ్యలో రోజుకి ఒక గంట మాత్రం నాకు మనశ్శాంతి ఉండేది. అది ఎల్లమ్మ మెస్సులో భోజనం చేసే గంట.

ఫిలింనగర్లో రాళ్ళగుట్ట పక్కన రేకుల షెడ్డు. స్టీలు పళ్ళెంలో వేడి అన్నం, పప్పు, పచ్చిపులుసు, ఆదివారం తలకాయ కూర. లైట్‌మన్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, జూనియర్ ఆర్టిస్టులు, నాలాంటి వాళ్ళు. ఎల్లమ్మది నల్లగొండ దగ్గర పల్లె. జూబ్లీహిల్స్‌లో బంగళాలు కట్టే రోజుల్లో రాళ్ళు మోయడానికి వచ్చి, మోసేవాళ్ళకి వండిపెట్టడం మొదలుపెట్టి, అలా మెస్సు నడిపింది. నా ఈడు మనిషే. మనిషి మాట గట్టి, చెయ్యి మెత్తన.

ఆవిడకొక అలవాటుంది. వేషాల కోసం కొత్తగా ఊరినుంచి దిగిన కుర్రాడెవడైనా చంకలో ఫొటోల ఆల్బమ్ పెట్టుకుని వస్తే ఆవిడ కంటికి ఇట్టే తెలిసిపోయేది. వాడు తినేదాకా ఏమీ అనదు. మారు అన్నం వడ్డిస్తుంది. చెయ్యి కడుక్కుని వచ్చాక దగ్గరికి పిలుస్తుంది.

"ఏ ఊరు బిడ్డా?"

వాడు ఊరు చెబుతాడు.

"అమ్మున్నదా?"

ఉందంటాడు.

"మంచిగ తిన్నవు గద. ఇగ ఇంటికి పో."

అంతే. కోపంగా కాదు, వెటకారంగా కాదు. బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెబుతుంది. కొందరు నవ్వేసి వెళ్ళేవాళ్ళు. కొందరికి పౌరుషం వచ్చి మెస్సే మానేసేవాళ్ళు. కానీ కొందరు నిజంగానే వెళ్ళిపోయేవాళ్ళు. ఒకసారి ఖమ్మం వైపు నుంచి ఒకడు పెళ్ళిపత్రిక పట్టుకొచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. బడిపంతులు అయ్యాడట. ఆ రోజు ఆవిడ ముఖం నేను చూశాను.

రోడ్డు వెడల్పు చేస్తామని షెడ్డు తీసేశాక ఎల్లమ్మ కూతురు మనోజ రంగంలోకి దిగింది. మనోజ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేది. ఉద్యోగం మానకుండానే, దాచుకున్నదంతా పెట్టి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి మాదాపూర్ వైపు దిగే దారిలో ఒక హాలు కిరాయికి తీసుకుంది. గోడలకి రంగులు, బల్లలు, ఏసీ, 'ఎల్లమ్మ మెస్' అని వెలుగుతూ బోర్డు. అన్నీ ఉన్నాయి గాని జనం లేరు. లైట్‌మన్లకి ఆ ఏసీ గదిలోకి రావాలంటే మొహమాటం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఆ పేరే తెలియదు. మూడు నెలలు చూసి మనోజ నా ఆఫీసుకి వచ్చింది.

"అంకుల్, మా టీమ్‌ల లంచ్‌కు పోవాలంటే అందరు ముందు నెట్‌ల సూస్తరు. అమ్మ మెస్ గురించి నెట్‌ల ఒక్క ముక్క లేదు. మీరు జర రాయిస్తరా?"

"దానికేం భాగ్యమమ్మా! మీ అమ్మ అన్నం ఎన్నేళ్ళు తిన్నానో!" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. హీరోలకి చేసి చేసి చచ్చాను, ఒక మంచి మనిషికి చేద్దాం అనిపించింది.

అరగంటలో రాసేశాను. వంట గురించి రాస్తే ఎవడు చదువుతాడు? సినిమా పేరుంటేనే చదువుతారు. రిత్విక్ ఒకప్పుడు ఆ షెడ్డులో తిన్నవాడే. అప్పటికి ఇంకా రిత్విక్ కాదు, తణుకు వెంకటేశ్వరరావు. పేరు మార్చింది కూడా నేనే. కాబట్టి అతని సంగతి అందుకుని, చివర్లో ఎల్లమ్మ మాట ఒకటి పెట్టాను. "'వాడి కళ్ళలో నాకు అప్పుడే హీరో కనిపించాడు. నువ్వు హీరోవి అవుతావు బిడ్డా అని మొదట చెప్పింది నేనే' అంటూ ఎల్లమ్మ కళ్ళు తుడుచుకున్నారు" అని రాశాను.

ఆవిణ్ణి అడగలేదు. అడగాలన్న ఊహే రాలేదు. ఎవరిని అడిగాను గనక? వంటమనిషి బియ్యాన్ని అడిగి వండుతుందా? చెయ్యి అలవాటు అలాంటిది.

సోమవారం పొద్దున పంపితే సాయంత్రానికి తొమ్మిది సైట్లలో వచ్చింది. బుధవారానికి మాదాపూర్ కుర్రాళ్ళు గుంపులుగా దిగారు. శనివారం బయట మెట్ల మీద వరస కట్టారు. మనోజ ఫోన్ చేసి, "అంకుల్, మీరు దేవుడు" అంది. అబద్ధమెందుకు, ఆ రోజు ఇంటికెళ్ళి సత్యలక్ష్మికి చెప్పుకున్నాను కూడా. ఆవిడ, "పోనీలెండి, ఒక్కరికైనా మంచి జరిగింది" అంది.

తర్వాత వారం ఎల్లమ్మ కబురు పంపింది. మధ్యాహ్నం మూడు దాటింది. హాలు ఖాళీగా ఉంది. ఎల్లమ్మ ఒక బల్ల దగ్గర కూర్చుని ఉంది. మనోజ నిలబడి ఉంది. నాకు అన్నం పెట్టమని ఎవరూ అనలేదు. అప్పుడే అర్థమైంది ఏదో తేడాగా ఉందని.

"సారూ, ఒక పిల్లగాడొచ్చి కాళ్ళు మొక్కిండు. నాకు గూడ చెప్పమ్మా, హీరోనయితనని చెప్పమ్మా అంటడు. ఏందిరా అంటే, కంప్యూటర్ల రాసున్నదట, నేనే అన్ననట. నేనెప్పుడన్న గిట్ల?"

"ఎల్లమ్మా, అది రాసే పద్ధతమ్మా. చదివేవాళ్ళకి బాగుండాలని ఒక మాట కలుపుతాం. అందరికీ అలాగే రాస్తాను."

"అందరు ఊకుంటరా?"

"ఊరుకోవడమేంటి, సంతోషిస్తారు."

"ఆళ్ళకు మస్తు మాటలుంటయేమో సారూ. ఒకటి పోతే ఇంకొకటి. నాకున్నదే ఒక్క మాట. ఇన్నేండ్లు గదే చెప్పిన. దాన్నే నువ్వు తిరగేసినవ్."

మనోజ కల్పించుకుంది. "అమ్మా, గంత సీరియస్ ఏందే? నీ మాటతోని ఎవరికన్న నష్టమైందా? దుకాణం నిండుతున్నది. ఎవరన్న అడిగితే నవ్వి ఊకో."

"నవ్వితే అవునన్నట్టు గాదా?" అంది ఎల్లమ్మ.

తీయించేస్తానని మాటిచ్చి బయటపడ్డాను. తీయించడం నా తరమా? డల్లాస్ వాడికి ఫోన్ చేస్తే, "సార్, ఈ నెల అన్నిటికన్నా ఎక్కువమంది చదివింది అదేనండీ, తీసెయ్యమంటారేంటి" అని నవ్వాడు. అంతకన్నా పెద్ద ముప్పు టీవీలో వచ్చింది. ఆ ఆదివారం రిత్విక్ ఒక ఇంటర్వ్యూలో ఎల్లమ్మ సంగతి చెప్పాడు. "ఆ రోజు పెద్ద వర్షమండీ. తడిసి ముద్దయి వెళ్ళాను. ఆ తల్లి తన కొంగుతో నా తల తుడిచి, నువ్వు హీరోవి అవుతావు బిడ్డా అంది" అన్నాడు. గొంతు కూడా వణికించాడు. వర్షం నేను రాయలేదు, కొంగు నేను రాయలేదు. ఆ రెండూ అతని సొంతం. ఇప్పుడు ఎల్లమ్మ అనలేదని చెబితే హీరో అబద్ధాలకోరు అవుతాడు, నా నోట్లో మట్టి పడుతుంది. నోరు మూసుకున్నాను.

ఎల్లమ్మ మాత్రం మూసుకోలేదు. ఎవడొచ్చి అడిగినా పాత మాటే చెప్పసాగింది. వాళ్ళలో నవీన్ అనే కుర్రాడొకడు. ఎర్రగడ్డ పిల్లాడు. మనోజ పనిచేసే కంపెనీలోనే టెస్టింగులో ఉద్యోగం. తల్లి దేవమ్మ రైతుబజారులో కూరగాయలు అమ్మి చదివించింది. వాళ్ళింట్లో నెల జీతం అన్న మాట ఎరిగినవాడు వీడొక్కడే. పొడుగ్గా, చక్కగా ఉంటాడు. కాలేజీలో ఏదో నాటకంలో వేస్తే చప్పట్లు కొట్టారట. ఇంకేముంది, రాజీనామా ఉత్తరం రాసి జేబులో పెట్టుకుని, ఎల్లమ్మ ఆశీర్వాదం కోసం వచ్చాడు.

నేనప్పుడు అక్కడే తింటున్నాను. ఎల్లమ్మ వాడికి రెండుసార్లు పప్పు వడ్డించింది. తిన్నాక అమ్మ గురించి అడిగింది. తర్వాత, "మంచిగ తిన్నవు గద బిడ్డా. ఇగ ఇంటికి పో. పొద్దుగాల లేసి కొలువుకు పో" అంది. నవీన్ ముఖం వాడిపోయింది. తల వంచుకుని వెళ్ళాడు. రెండు రోజుల తర్వాత మనోజ నవ్వుతూ, "రిజైన్ లెటర్ చింపేసిండట అంకుల్" అంది. ఆ పూట ఎల్లమ్మ నా పళ్ళెంలో అడగకుండానే ఇంకో గరిటె కూర వేసింది. నా తప్పు సగం కడుక్కుపోయినంత హాయి కలిగింది నాకు.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

రిత్విక్ కొత్త సినిమా విడుదల దగ్గరపడింది. నిర్మాతకొక ఆలోచన వచ్చింది. రిత్విక్ ఎల్లమ్మ మెస్సుకి వెళ్ళాలి, ఆవిడ చేత్తో అన్నం తినాలి, ఆ వీడియో అన్ని వెబ్‌సైట్లలో రావాలి. ఏర్పాట్లన్నీ నావే. కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి ఎల్లమ్మని అడిగాను.

"అన్నం పెడ్త. ఎవలొచ్చినా పెడ్త" అంది. "గని అడిగితే ఉన్నదే చెప్త."

"నిన్నెవరూ ఏమీ అడగరమ్మా. నాది పూచీ" అన్నాను.

మనోజ నా చెవిలో, "అంకుల్, ఇది ఒక్కటి మంచిగయితే నేను జాబ్ బంద్ చేసి మెస్సే సూసుకుంట" అంది. ఆ పిల్ల కళ్ళకింద నల్లటి చారలు. పొద్దున కంపెనీ, సాయంత్రం మెస్సు. జాలేసింది.

ఆ రోజు పన్నెండింటికే హాలు కిక్కిరిసింది. ఏడు కెమెరాలు. బయట అభిమానులు ఈలలు. రిత్విక్ తెల్లచొక్కాలో వచ్చాడు. ఎల్లమ్మ వడ్డించింది. అతను ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతా సవ్యంగా సాగిపోతోంది, ఇక లేద్దాం అనుకుంటుండగా, ఒక వెబ్‌సైట్ అమ్మాయి మైకు తీసుకెళ్ళి ఎల్లమ్మ మూతి ముందు పెట్టింది. "ఆ రోజు రిత్విక్ గారితో ఏమన్నారో మీ నోటితోనే చెప్పండమ్మా!"

ఎల్లమ్మ చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "ఇంటికి పొమ్మన్న" అంది. "అందరికి గదే చెప్త, ఈ బాబుకు గూడ గదే చెప్పిన. ఇంటికి పోలే. ఒక్కడు గిట్ల అయిండు, మంచిదే. మరి కొత్తగూడెం పిల్లగాడు లైట్లు మోసి మోసి నడుం ఇరగ్గొట్టుకున్నడు, ఆన్ని ఎవలన్న అడిగిన్రా? గా నూజివీడు పిల్ల, డాన్సులేసేది, రహమత్ నగర్ల ఒక్క అర్ర ఇంట్ల ఉంటది, ఇంటికి పోను మొకం లేదంటది. దాన్ని ఎవలన్న అడిగిన్రా?"

కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. రిత్విక్ నోట్లో ముద్ద అలాగే ఉంది. అతను నావైపు చూశాడు. నిర్మాత నావైపు చూశాడు. మనోజ కూడా నావైపే చూసింది. ఎవరికీ ఏమనాలో తోచనప్పుడు అందరూ చూసేది నావైపే. దానికే కదా నేనున్నది.

నేను ఊరుకుని ఉండాల్సింది. ఆవిడ మాట ఆవిడకి తిరిగి దక్కింది. ఏడు కెమెరాల ముందు దక్కింది. నేనొక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం నోరు కట్టుకుని ఉంటే చాలు. ఈ సంగతి ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుతో తల వంగిపోతోంది. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"అదీ ఎల్లమ్మగారు పెట్టిన పరీక్ష!" అన్నాను గట్టిగా. "పొమ్మన్నప్పుడు పోయేవాడు హీరో కాలేడని ఆ తల్లికి తెలుసు. పోకుండా నిలబడ్డవాడే రిత్విక్!"

రిత్విక్ అందుకోవడంలో దిట్ట. వెంటనే ముద్ద మింగి, లేచి, ఎల్లమ్మ కాళ్ళమీద పడ్డాడు. "ఆ రోజు అర్థం కాలేదమ్మా, ఈ రోజు అర్థమైంది" అన్నాడు. చప్పట్లు. బయట ఈలలు. ఎల్లమ్మ ఏదో అంటూనే ఉంది, పెదాలు కదులుతున్నాయి, ఆ గోలలో ఒక్క ముక్క వినపడలేదు. మైకు అప్పటికే రిత్విక్ దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి వీడియో అంతటా ఉంది. 'ఎల్లమ్మ ఇంటికి పొమ్మంటే హీరో అయినట్టే!' అని డల్లాస్ వాడు పెట్టాడు శీర్షిక. లైట్లు మోసిన కొత్తగూడెం పిల్లాణ్ణి, నూజివీడు పిల్లని కత్తిరించేశారు. నిర్మాత ఫోన్ చేసి, "వెంకటరామయ్యగారూ, మీరుండబట్టి సరిపోయిందండీ" అన్నాడు. సత్యలక్ష్మి ఆ వీడియో మా అబ్బాయి కంప్యూటర్లో చూసింది. చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులు మెస్సు వైపు వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? ఐదో రోజు మనోజే ఫోన్ చేసింది. "అంకుల్, ఒకసారి వస్తరా? నవీన్ రిజైన్ చేసిండు. ఆళ్ళమ్మ వచ్చింది."

వెళ్ళేసరికి మూడున్నర. దేవమ్మ బల్ల దగ్గర కాకుండా గోడవారగా కింద కూర్చుని ఉంది. బజారు నుంచి అలాగే వచ్చినట్టుంది, చేతులకి కొత్తిమీర వాసన. ఎదురుగా నవీన్, కొత్త చొక్కా, చంకలో ఆల్బమ్. ముఖం వెలిగిపోతోంది. ఎల్లమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఉంది.

"బిడ్డా, మీ అమ్మ ముంగట చెప్తున్న, ఇను. పరీక్ష లేదు, గిరీక్ష లేదు. నేను నిజంగనే చెప్తున్న. ఇంటికి పో. కొలువు ఇంకా ఉన్నదట, మనోజ మాట్లాడింది. రేపు పో, చేరు."

నవీన్ కళ్ళు నీళ్ళతో నిండాయి. వంగి ఎల్లమ్మ పాదాలు ముట్టుకున్నాడు.

"రిత్విక్‌కు ఒక్కసారే చెప్పిన్రు అమ్మా. నాకు ఇది రెండోసారి" అన్నాడు.

దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందుకెళ్ళి వాడి భుజం పట్టుకున్నాను. "బాబూ, నా మాట విను. అదంతా నేను రాసింది. హీరో అవుతావని ఆవిడ ఎవరితోనూ అనలేదు. పరీక్ష అన్నది కూడా నేనే, ఆ క్షణాన నోటికొచ్చింది వాగాను. అబద్ధం నాయనా. ఒట్టు."

నవీన్ నాకేసి మర్యాదగా నవ్వాడు. "మీరు పీఆర్వో గద సార్. గిట్ల అనుమన్నా అంటరు, గట్ల అనుమన్నా అంటరు. ఇప్పుడు ఎవరు చెప్పుమన్నరు? మా అమ్మనా?" అని తల్లివైపు చూసి, "ఫికర్ చెయ్యకే. ఒక్క సంవత్సరం" అని, బైక్ తాళం వేలికి తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. వేషాల కోసం కృష్ణానగర్లో ఎవరినో కలవాలట. ఆపుదామని మనోజ గుమ్మం దాకా పరుగెత్తింది. బైకు చప్పుడు మలుపు తిరిగింది.

దేవమ్మ ఎల్లమ్మవైపు తిరిగింది. "అక్కా, ఆడు నా మాట ఇనడు. నీ మాట ఇంటడని వచ్చిన. నీ మాట గిట్లయింది. ఇంక ఎవల దగ్గరికి పోవాలె?"

ఎల్లమ్మ లేచి, గల్లా దగ్గరికెళ్ళి, ఆర్డర్లు రాసుకునే పుస్తకం, పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది. కుర్చీ లాగి నన్ను కూర్చోమంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"రాయి సారూ" అంది. "పొమ్మంటే ఉంటున్నరు. ఉండుమంటే ఉండనే ఉంటరు. ఊకుంటే, నన్ను సూసి గూడ మాట్లాడలేదు, గిదే పెద్ద పరీక్షంటరు. నేనేమంటే ఆ పిల్లగాడు ఇంటికి పోతడు? నాకు సమజయితలేదు. నీకైతే ఎరుక గద. నువ్వు రాసియ్యి, ఒక్క ముక్క పొల్లు పోకుంట గట్లనే చెప్త."

వెటకారం కాదు. నిజంగా అడుగుతోంది. ఇన్నేళ్ళలో నా చేత మాట రాయించుకోవడానికి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడిగిన మొదటి మనిషి ఆవిడ.

పెన్ను తీసుకున్నాను. 'నువ్వు పనికిరావు' అని రాశాను. అదీ పరీక్షే అంటాడు. కొట్టేశాను. 'మీ అమ్మ ఏడుస్తోంది' అని రాశాను. రిత్విక్ తల్లి కూడా ఏడ్చిందిగా, నేను రాసిన మాటకే. కొట్టేశాను. 'ఇక నా మెస్సుకి రాకు' అని సగం రాసి ఆపేశాను. కాగితం చించి ఇంకో కాగితం తీశాను. మనోజ గుమ్మంలోనే నిలబడి ఉంది. దేవమ్మకి చదువు రాదు గాని నా చేతివైపే చూస్తోంది, అందులోంచి ఆవిడ కొడుకు వచ్చేస్తాడన్నట్టు.

"అందరికి రాస్తివి సారూ" అంది ఎల్లమ్మ మెల్లగా. "దీనికొక్కటి రాయరాదా?"

"రావట్లేదమ్మా" అన్నాను.